ఎపాక్సీ రెజిన్ పని చేసేవాళ్లకి చేతులు దురద పెడుతున్నాయా, కళ్లు వాస్తున్నాయా, అయితే ఇది చదవండి

ఫార్మా కంపెనీల్లో ఫ్లోరింగ్ వేసేవాళ్లు, బాత్రూం టైల్స్ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ పెట్టే మేస్త్రీలు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో పలకల పగుళ్లకి రెజిన్ పట్టించేవాళ్లు, మోటార్లకీ ట్రాన్స్‌ఫార్మర్లకీ పోత పోసేవాళ్లు, ఇంట్లో కూర్చుని పెళ్లి దండలు రెజిన్‌లో పోసి ఫ్రేములు చేసి అమ్మే ఆడపిల్లలు, వీళ్లంతా వేరే వేరే పనులు చేస్తున్నట్టు ఉంటారు గానీ చేతికి తగిలేది మాత్రం దాదాపు ఒకటే సరుకు. పార్ట్ ఏ అంటే రెజిన్, పార్ట్ బి అంటే హార్డెనర్, రెండూ కలిపితే గట్టిపడుతుంది. అరల్డైట్ ట్యూబులు, ఎమ్‌సీల్ ముద్ద కూడా ఈ కుటుంబమే. నేను ఫ్లోరింగ్ సైట్ల మీద ఉండేవాణ్ని కాబట్టి అక్కడ చూసిందే ఎక్కువ చెప్తాను, కానీ విషయం అందరికీ ఒకటే: ఈ ఎలర్జీ ఒకసారి ఒంటికి పట్టిందంటే ఇక మామూలుగా జీవితాంతం పోదు, అందుకే మొదటిసారి దురద పెట్టినప్పుడే ఆగి చూసుకోవాలి, "పని అలవాటైతే అదే పోతుందిలే" అని పెద్దవాళ్లు చెప్పే మాట ఈ ఒక్క విషయంలో మాత్రం వినకండి. అలవాటు అవ్వదు, రివర్స్‌లో ముదురుతుంది.

ముందు ఇది ఎలా వస్తుందో చెప్తాను. చర్మం మీద మంట రెండు రకాలు. ఒకటి ఇరిటేషన్, అంటే హార్డెనర్ ఘాటుకో థిన్నర్‌తో చేతులు కడగడం వల్లో తోలు కాలినట్టు అవ్వడం, అది ఎవరికైనా అవుతుంది, తగిలిన చోటే ఉంటుంది, ఆపితే తగ్గుతుంది. రెండోది అసలు ఎలర్జీ. పచ్చి రెజిన్‌లోని చిన్న అణువులు చర్మంలోకి దిగితే ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. అలా గుర్తుపెట్టుకోడానికి కొందరికి రెండు మూడు వారాలు చాలు, కొందరికి ఏళ్లు పడుతుంది, అందుకే "నేను ఐదేళ్ల నుంచి ఉత్త చేతుల్తో చేస్తున్నా నాకేం కాలేదు" అనేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది, వాళ్లకి ఇంకా టైం రాలేదంతే. ఒకసారి పట్టాక చాలా కొంచెం తగిలినా చాలు, ఆవగింజంత మరక కూడా అక్కర్లేదు.

ఇంకో తిరకాసు ఏంటంటే ఇది వెంటనే రాదు. తగిలిన ఒకటి రెండు రోజులకి, ఒక్కోసారి మూడు రోజులకి బయటపడుతుంది. శనివారం పని చేస్తే సోమవారం దురద మొదలవుతుంది, ఈలోపు ఆదివారం వంకాయ కూర తిన్నాం కదా, గోంగూర తిన్నాం కదా అని వాటి మీదకి పోతుంది. ఇంట్లోవాళ్లు వంకాయ మాన్పిస్తారు, రెజిన్ మాత్రం అలాగే నడుస్తుంటుంది.

ఎక్కడ వస్తుందో చూడండి. వేళ్ల పైభాగం, వేళ్ల సందులు, మణికట్టు దగ్గర గ్లవ్ అంచు ఆగే చోటు, ముంజేతులు. ఎర్రబడి, చిన్న చిన్న నీటి పొక్కులు లేచి, చితికి నీరు కారి, తర్వాత పొలుసులు కట్టి పగుళ్లు ఇస్తుంది. దాంతో పాటు కనురెప్పలు వాయడం, మెడ, చెవుల వెనక దద్దు, ఇవి ఉంటే గాల్లోంచి కూడా తగులుతోందని అనుమానించాలి. మా సైట్‌లో రోలర్ పని చేసే కుర్రాడొకడు ఉండేవాడు, గ్లవ్స్ ఏ రోజూ మానలేదు, అయినా పొద్దున లేచేసరికి రెప్పలు వాచి కళ్లు సగం మూసుకుపోయేవి, ఏదో పురుగు పాకిందిలే అని కొబ్బరినూనె రాసుకునేవాడు. ఒకరోజు కూర్చుని వాడి పనే చూశాను. బకెట్‌లో డ్రిల్ మెషిన్‌తో కలిపేటప్పుడు సన్న తుంపర చొక్కా చేతి మీద పడుతోంది, ఎండాకాలం కదా, ఐదు నిమిషాలకోసారి అదే చొక్కా చేత్తో నుదురు, కళ్లు తుడుచుకుంటున్నాడు. చొక్కా మోచేతి కింద అంతా అట్టలా బిగిసిపోయి ఉంది. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, మొహానికి మాత్రం రోజంతా రెజిన్ రాసుకుంటున్నట్టే అయింది.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది, వయ్యారిభామ. ఆ పిచ్చిమొక్క ఎలర్జీ కూడా రెప్పలు, మెడ, మోచేతి మడతల్లోనే వస్తుంది, పనికీ ఊరికీ మధ్య తిరిగేవాళ్లకి రెండూ కలిసి ఉండొచ్చు. సిమెంట్ పని కూడా చేసేవాళ్లకైతే సిమెంట్‌లోని క్రోమియం వల్ల కూడా ఇలాంటి చేతులే అవుతాయి. కాబట్టి చూపులతో తేల్చేయకండి. మీ వరకు మీరు చేసుకోగల పరీక్ష ఒకటుంది, ఒక నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో ఏ రోజు ఏ ప్రొడక్ట్ వాడారు, ఏ రోజు దురద మొదలైంది రాసుకుని ఫొటోలు తీసి పెట్టుకోండి. సెలవుల్లో, పండక్కి ఊరెళ్లినప్పుడు తగ్గి, పనిలోకి రాగానే రెండో రోజో మూడో రోజో తిరగబెడుతోందంటే పని దగ్గరే ఏదో ఉన్నట్టు. ఈ నోట్స్ డాక్టర్‌కి చాలా పనికొస్తాయి, ఎందుకంటే మీరు వెళ్లే రోజుకి చేతులు సగం మానిపోయి ఉంటాయి.

రెజిన్ చర్మానికి తగిలితే వెంటనే పొడి గుడ్డతోనో టిష్యూతోనో ఒత్తి తీసేసి, సబ్బూ నీళ్లతో కడగండి, జిడ్డు వదలకపోతే కొంచెం వంట నూనె రాసి తుడిచి మళ్లీ సబ్బు. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ మాత్రం వద్దు, అవి రెజిన్‌ని పల్చగా చేసి చర్మంలోకి ఇంకా లోపలికి పంపిస్తాయి, పైన ఉన్న సహజమైన జిడ్డుని కూడా లాగేస్తాయి. సైట్లలో ఎక్కువ చేతులు పాడయ్యేది పని చేసేటప్పుడు కాదు, సాయంత్రం థిన్నర్ డబ్బాలో చేతులు ముంచి కడుక్కునేటప్పుడు, ఇది నేను ఎంతమందికి చెప్పానో.

దురద వచ్చింది కదా అని మెడికల్ షాప్‌లో అడిగి ట్యూబు తెచ్చుకోకండి. అక్కడ ఇచ్చేవి చాలావరకు స్ట్రాంగ్ స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపిన క్రీములు. రెండు రోజులు మాయమైనట్టు అనిపించి మళ్లీ వస్తుంది, మొహానికి, రెప్పలకి రాస్తే చర్మం పల్చబడిపోతుంది, కళ్లకి కూడా ప్రమాదమే. స్టెరాయిడ్ క్రీమే దీనికి వైద్యం, కాదనను, కానీ ఏ బలం, ఎక్కడ, ఎన్ని రోజులు అనేది స్కిన్ డాక్టర్ చెప్పాలి. మామూలు వాజలిన్ లాంటి వాసన లేని మాయిశ్చరైజర్ మాత్రం పని అయిపోయి చేతులు కడుక్కున్నాక, రాత్రి పడుకునే ముందు బాగా రాసుకోండి. నీరు కారి, చీము పట్టి, జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకండి.

స్కిన్ డాక్టర్ దగ్గర అడగాల్సింది ప్యాచ్ టెస్ట్. రక్త పరీక్షలో రెండొందల ఎలర్జీలు తేలుస్తాం అనే ప్యాకేజీలు దీనికి పనికిరావు, సూదితో గుచ్చి చూసే టెస్ట్ కూడా దుమ్ము, పుప్పొడి, ఫుడ్ లాంటి వాటికి, ఇది వేరే రకం. ప్యాచ్ టెస్ట్‌లో వీపు మీద చిన్న చిన్న అల్యూమినియం గిన్నెల్లాంటివి టేపుతో అంటిస్తారు, ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం కొంచెం, ఎపాక్సీ రెజిన్ అయితే మామూలుగా వాజలిన్‌లో 1 శాతం. 48 గంటలకి తీసి చూస్తారు, మళ్లీ మూడో రోజో నాలుగో రోజో ఇంకోసారి చూస్తారు, ఆ రెండో చూపు ముఖ్యం, ఊరు దూరమని ఎగ్గొట్టకండి. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టే పని చెయ్యకూడదు, కాబట్టి ఏప్రిల్, మే కాకుండా చలికాలంలో పెట్టించుకుంటే హాయి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఇంట్లో ఎవరూ డబ్బాలోని పచ్చి రెజిన్ చేతికి రాసుకుని టెస్ట్ చేసుకోకండి, అప్పటివరకు లేని ఎలర్జీ కూడా దాంతో పట్టుకోవచ్చు.

వెళ్లేటప్పుడు డబ్బాల లేబుళ్ల ఫొటోలు, సప్లయర్ దగ్గర సేఫ్టీ డేటా షీట్ (సరుకులో ఏముంది, ఏం ప్రమాదమో రాసిన కాగితం) అడిగి తీసుకెళ్లండి. అందులో 'బిస్‌ఫినాల్ ఏ', 'గ్లైసిడైల్ ఈథర్' అని ఉంటే రెజిన్ వైపు, 'అమీన్' అని ఉంటే హార్డెనర్ వైపు. హెచ్ 317 అనే కోడ్ ఉందంటే చర్మానికి ఎలర్జీ తెప్పించగలదని, హెచ్ 334 అంటే ఊపిరితిత్తులకి. స్టాండర్డ్ టెస్ట్‌లో ఎపాక్సీ సరుకుల్లోంచి మామూలుగా రెజిన్ ఒక్కటే ఉంటుంది, మీకు హార్డెనర్‌కో, పల్చగా చెయ్యడానికి కలిపే డైల్యూయెంట్‌కో పడకపోతే అందులో తేలదు, డాక్టర్‌కి షీట్ చూపిస్తే వేరే సిరీస్ పెట్టొచ్చు. రెజిన్ ఆర్ట్ డబ్బాల మీద వాసన లేదు, నాన్‌టాక్సిక్, ఫుడ్ సేఫ్ అని రాస్తారు చూడండి, అది పూర్తిగా గట్టిపడ్డాక సంగతి. వాసన లేకపోయినా పచ్చిది పచ్చిదే.

ఇక గ్లవ్స్. లేటెక్స్, అంటే మామూలు పల్చని రబ్బరు గ్లవ్స్, దీనికి పనికిరావు, రెజిన్ వాటిలోంచి దిగిపోతుంది. పల్చని నైట్రైల్, అంటే ఒక రకం సింథటిక్ రబ్బరు గ్లవ్స్, కొంతసేపే ఆపుతుంది, మరక పడ్డ వెంటనే మార్చాలి, కడిగి మళ్లీ తొడుక్కోకూడదు. థిన్నర్ కూడా వాడే పనైతే ఇంకా తొందరగా దిగుతుంది. బాగా ఆపేవి బ్యూటైల్ రబ్బరు, ఇంకా ప్లాస్టిక్ పొరలు అతికించి చేసే లామినేట్ గ్లవ్స్. లామినేట్‌వి చేతికి సరిగ్గా కూర్చోవు కాబట్టి పైన నైట్రైల్ ఒకటి వేసుకుంటే పట్టు దొరుకుతుంది, లోపల పల్చని కాటన్ ఉంటే చెమట పీలుస్తుంది. ముందుగా రాసుకునే బారియర్ క్రీములు గ్లవ్స్‌కి బదులు కావు. తీసేటప్పుడు మణికట్టు దగ్గర పట్టుకుని లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి లాగండి, బయటి వైపు వేళ్లతో ముట్టుకోకుండా.

గ్లవ్స్ సరిగ్గా వాడేవాళ్లకి కూడా ఎందుకు తగ్గదంటే, మరక చేతి మీద ఉండదు, హార్డెనర్ డబ్బా మూత మీద, డ్రిల్ మెషిన్ స్విచ్ మీద, ఫోన్ స్క్రీన్ మీద, బండి హ్యాండిల్ మీద ఉంటుంది. కలిపే మనిషి గ్లవ్‌తో ఫోన్ ఎత్తుతాడు, మధ్యాహ్నం ఉత్త చేత్తో అదే ఫోన్ చెంపకి పెట్టుకుంటాడు. పని బట్టలు సైట్‌లోనే మార్చుకోండి, ఇంటి బట్టలతో కలిపి ఉతికించకండి, ఉతికేది ఎక్కువగా అమ్మో భార్యో కదా, వాళ్ల చేతులకెందుకు ఇది.

పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీ సాధారణంగా ఎలర్జీ చెయ్యదు, కానీ ముట్టుకుంటే అంటుకోనంత మాత్రాన పూర్తయినట్టు కాదు, చాలా రకాలకి మామూలు వేడిలో వారం దాకా పడుతుంది. ఈలోపు గ్రైండింగ్, శాండింగ్ చేస్తే వచ్చే పొడిలో ఇంకా పచ్చి ఉంటుంది. ఆగగలిగితే ఆగండి, లేకపోతే తడిపి రుద్దండి, ఎన్ 95 మాస్క్, కళ్లకి గాగుల్స్, ఫుల్ చేతుల చొక్కా. ఎన్ 95 పొడిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు, దానికి కార్ట్‌రిడ్జ్, అంటే ఆవిరిని పీల్చుకునే ఫిల్టర్ డబ్బా, ఉన్న మాస్క్ కావాలి.

దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ముఖ్యంగా రాత్రిళ్లు, ఇవి మొదలైతే చర్మం సంగతి పక్కన పెట్టి ముందు ఊపిరితిత్తుల డాక్టర్‌ని కలవండి, కొన్ని హార్డెనర్లు, పీయూ (పాలీయూరిథేన్) పెయింట్లలోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఆస్తమా తెప్పిస్తాయి. ఊపిరి ఆడకపోతే అప్పటికప్పుడే ఆస్పత్రికి.

టెస్ట్‌లో ఎలర్జీ అని తేలితే పని మానెయ్యాలా అంటే, కలిపే పని, రోలర్ పని, శాండింగ్ నుంచి మాత్రం తప్పుకోవాలి, ఎంత మంచి గ్లవ్స్ ఉన్నా ఎలర్జీ పట్టినవాళ్లని ఆ పనిలో ఉంచడం నాకు సరైనదనిపించదు. కొలతలు, ప్రైమర్‌కి ముందు ఫ్లోర్ క్లీనింగ్, స్టోర్స్, సూపర్‌విజన్ లాంటివి అడగండి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లోనే రసాయనాలు, పెయింట్లు తగిలి వచ్చే చర్మవ్యాధి (కాంటాక్ట్ డెర్మటైటిస్) వృత్తి వ్యాధుల్లో ఉండేది, కాబట్టి ఇది మీ ఒంటి లోపం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు అక్కడే చూపించుకుని, ప్యాచ్ టెస్ట్ రిపోర్ట్, మీరు ఏ పని చేస్తారో రెండూ కాగితం మీద రాయించుకోండి. ఆ రిపోర్ట్ ఫొటో ఫోన్‌లో ఉంచుకుని పళ్ల డాక్టర్‌కి, ఎముకల డాక్టర్‌కి కూడా చూపించండి, పళ్లలో నింపేవాటిలో, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంట్లలో వేరే రకం రెజిన్లు ఉంటాయి, మీకు పడతాయో లేదో వాళ్లు చూసి చెప్తారు.