వైరస్ పోయింది, కీళ్ల నొప్పులు మాత్రం మిగిలాయి

హెపటైటిస్ సికి 12 వారాలు సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర వేసుకున్నాను. మందు ఆపిన మరో 12 వారాలకు చేసిన ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో (రక్తంలో వైరస్‌నే వెతికే పరీక్ష) వైరస్ లేదని వచ్చింది. అయినా పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు, మోకాళ్లు పట్టేసేవి. జబ్బు తిరగబెట్టిందేమోనని యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే పాజిటివ్! ఆ రాత్రి నిద్రపోలేదు. నయమైనవాళ్లలో కూడా అది పాజిటివ్‌గానే ఉంటుందని, చూడాల్సింది ఆర్‌ఎన్‌ఏ అని తర్వాత తెలిసింది.

నొప్పికి కారణం తేల్చమని డాక్టరుగారిని పట్టుబట్టి అడిగాను. నేను చేసిన మంచి పని అదే. క్రయోగ్లోబులిన్లు (చలికి గడ్డకట్టే ప్రొటీన్లు, కీళ్ల నొప్పులు తేగలవు; వైరస్ పోయినా కొందరి రక్తంలో ఇవి ఉండిపోతాయి), థైరాయిడ్, విటమిన్ డి చూశారు. హెపటైటిస్ సి ఉన్నవాళ్లకు కీళ్లవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష ఆ జబ్బు లేకున్నా పాజిటివ్ రావచ్చట, అందుకని దాన్ని ఇంకా కచ్చితంగా పట్టే యాంటీ సీసీపీ పరీక్ష కూడా చేశారు. తేలిందల్లా విటమిన్ డి తక్కువని. దానికి మందిచ్చారు.

నా లివర్ అప్పటికే గట్టిపడింది కాబట్టి ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దన్నారు. పారాసిటమాల్ మాత్రం రోజుకు 2 గ్రాములు దాటకుండా.

అసలు మార్పు నోటుబుక్కుతో వచ్చింది. ఏ రోజు ఎంత పని, ఎంత నొప్పి అని రాశాను. బాగున్న రోజు పనంతా మీదేసుకుని తర్వాత రెండు రోజులు మంచాన పడుతున్నానని అందులో స్పష్టంగా కనిపించింది. అప్పట్నుంచి బాగున్నా, లేకున్నా పది నిమిషాల నడకే. వారానికి రెండు నిమిషాలు పెంచాను. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి వేళ్లు మెల్లగా ఆడించేదాన్ని.

నాలుగు నెలలకు సీసా మూత నేనే తిప్పగలిగాను. చలి రోజుల్లో మోకాళ్లు ఇప్పటికీ పట్టేస్తాయి.