పిల్లలకు లెక్కలు ఎంత వచ్చాయో తెలుసుకోవడానికి, క్లాసులకు ముందు, తర్వాత పెట్టే పరీక్షలను బయటివాళ్లతో ఎలా చేయించాలి?

ఒక ట్రస్టు తరఫున ప్రభుత్వ బడి పిల్లలకు సాయంత్రం లెక్కల క్లాసులు నడుపుతున్నారనుకుందాం. వాళ్లకు ఏం వచ్చిందని దాతలు అడిగితే హాజరు పట్టిక చూపించి లాభం లేదు. క్లాసులకు ముందొక పరీక్ష, ముగిశాక ఒకటి పెట్టాలి. ఆ రెండూ పాఠం చెప్పేవాళ్ల చేతిలో ఉండకూడదు. టీచర్లు ఎంత నిజాయితీగా ఉన్నా, తాము చెప్పిన లెక్కలే పేపర్లోకి వచ్చేస్తాయి.

ముందుగా, ఏం కొలవాలో ఒక పేజీలో రాసుకోండి. ‘లెక్కల్లో మెరుగుదల’ అని రాస్తే పరీక్షలు తయారుచేసే ఏ సంస్థా మంచి పేపరు ఇవ్వలేదు. ‘ఐదో తరగతి పిల్లలు అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం, సులభమైన భిన్నాలు’ అని రాయండి.

ఇక్కడే ఒక మాట. పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో తెలిస్తే చాలనుకుంటే డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి, పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడుతున్న చిన్న కాగితం ఉంది: అంకెలు, రెండంకెల సంఖ్యలు గుర్తించడం, తీసివేత, భాగహారం. ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతారు.

అంతకన్నా లోతుగా కావాలంటే సంస్థను వెతకండి. పాత పేపర్లు చూపించమనండి. ప్రశ్నలను ముందుగా వేరే పిల్లల మీద ప్రయత్నించి చూస్తారా అని అడగండి. లేదంటే ఇంకొకరిని చూసుకోవడం మంచిది. పేపరు తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో ఉండాలి, మన పాఠ్యపుస్తకాలూ అలాగే వస్తున్నాయి కదా. ఫీజును మాత్రం ఫలితంతో ఎప్పుడూ ముడిపెట్టొద్దు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పేపరు స్థాయి మీద పెట్టాలి. ఐదో తరగతి పేపర్లో ఐదో తరగతి లెక్కలే ఉంటే సగం మందికి సున్నాలు రావచ్చు. రెండో తరగతి స్థాయి నుంచి నాలుగో స్థాయికి ఎదిగిన బిడ్డకు రెండు పరీక్షల్లోనూ సున్నాయే వస్తుంది, ఆ ఎదుగుదల ఎవరికీ కనబడదు. అందుకే రెండో తరగతి లెక్కల నుంచి మొదలుపెట్టి, పైన కొన్ని కష్టమైనవి ఉంచమనండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మొదలుపెట్టిన టీచర్ల బోనస్ అధ్యయనానికి (పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చి చూశారు) పరీక్షలు తయారుచేసే ఎడ్యుకేషనల్ ఇనిషియేటివ్స్ సంస్థ పేపర్లు ఇచ్చింది. వాటిలో యాంత్రికంగా చేసే లెక్కలతో పాటు అర్థమైతేనే చేయగలిగే ప్రశ్నలూ పెట్టారు. మీరూ ఆ రెండు రకాలూ అడగండి.

రెండు పేపర్ల కష్టం సమానంగా ఉండాలి, ప్రశ్నలు మాత్రం అన్నీ అవే కాకూడదు. పోల్చడానికి కొన్ని ఉమ్మడి ప్రశ్నలు ఉంచి, వాటిని మీ టీచర్లకు చూపించొద్దని ఒప్పందంలోనే రాయించండి.

మొదటి పరీక్షను వేసవి సెలవులు అయిన మర్నాడే పెట్టకండి. మరిచిపోయినవి బడిలో మళ్లీ గుర్తొచ్చినా ఆ ఘనత మీ క్లాసులకే పోతుంది. పిల్లలకు టెన్షన్ లేకుండా, ఇవి పాస్ ఫెయిల్ మార్కులు కావని ముందే చెప్పండి. ప్రతి బిడ్డకూ ఒక నంబరు ఇచ్చి, రెండుసార్లూ అదే వాడండి. ఆ రోజు రానివాళ్లకు వారంలోపు మళ్లీ పెట్టించండి.

మీ క్లాసులకు రాని పిల్లలకూ ఇవే పరీక్షలు పెట్టించడం తప్పనిసరి. ఏడాదిలో ఏ బిడ్డైనా ఎంతో కొంత నేర్చుకుంటుంది. పై అధ్యయనంలో రెండేళ్లకు లెక్కల్లో 0.27 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత అటూ ఇటూగా ఉంటాయో చెప్పే కొలత) తేడా కనబడిందని చెప్పగలిగారంటే, బోనస్ లేని బడులతో పోల్చబట్టే.

చివరికి సగటు మార్కుల రిపోర్టుతో సరిపెట్టుకోకండి. ప్రతి బిడ్డ, ప్రతి ప్రశ్నకు రాసిన జవాబుల ఫైలు కావాలని మొదటే అడగండి. రెండు పరీక్షలూ రాసినవాళ్లనే పోల్చండి, మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య విడిగా చెప్పండి. 42లోంచి 17 తీసేయమంటే చాలామంది 35 అని రాశారనుకోండి, వాళ్లు ఒకట్ల స్థానంలో 7లోంచి 2 తీసేస్తున్నారు. మొదటి పరీక్ష జవాబుల్లో అది కనబడితే, ఆ వారమే పుల్లలు, కట్టలు ముందు పెట్టి స్థాన విలువ మళ్లీ చెప్పమని మీ టీచర్లకు చెప్పండి.