పత్తి చెక్క ఖర్చు తగ్గించే డీడీజీఎస్: బర్రెలకు ఇలా అలవాటు చేయండి

పాల డబ్బులు వచ్చినవి వచ్చినట్టే పత్తి చెక్కకు (పత్తి గింజల నూనె తీసాక మిగిలే దాణా) పోతున్నాయని మా దేవరకొండ దిక్కు బర్రెలున్న ప్రతి ఇంట్లో అదే టెన్షన్. నేను ఇప్పుడు సగం చెక్క తీసేసి డీడీజీఎస్ పెడుతున్నా. నూకలు, మక్కల నుంచి ఇథనాల్ తీసాక మిగిలే పిప్పిని ఎండబెట్టిన పొడి ఇది. మక్కలదైతే ప్రొటీన్ 25-30 శాతం, బియ్యానిదైతే 40 పైనే. కొనేటప్పుడు అది దేనిదో అడగండి.

నా బర్రెకు రోజూ 4 కిలోల దాణా, అందులో కిలో చెక్క. ఇప్పుడు అర కిలో చెక్క, అర కిలో డీడీజీఎస్. ఒక్కసారే మార్చొద్దు, పేడ పలుచనవుతుంది. మొదట 100 గ్రాములు, రెండు రోజులకోసారి ఇంకో 100 పెంచుతూ పోవాలి. పులిసిన వాసనకు మొదట్లో మూతి తిప్పుకుంటుంది. తవుడులో కలిపి, కొంచెం బెల్లం నీళ్లు చల్లితే గోలెం అడుగు దాకా నాకుతుంది. ఇందులో కాల్షియం తక్కువ కాబట్టి రోజుకు 50 గ్రాముల మినరల్ మిక్చర్ తప్పకుండా వేయండి.

బస్తా కొనే ముందు చెయ్యి అడుగు దాకా పెట్టి చూడండి. గడ్డలు కట్టినా, ముక్కవాసన వచ్చినా వద్దు. అది బూజు పట్టిందని గుర్తు. ఆ బూజు విషం పాలల్లోకి వస్తుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు. ముదురు గోధుమ రంగులో, మాడిన వాసన ఉంటే ప్రొటీన్ సరిగ్గా ఒంటబట్టదు. తడి పిప్పి చవకే గానీ మన ఎండలకు రెండు మూడు రోజుల్లోనే పాడవుతుంది. నాలుగైదు బర్రెలున్న వాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.