మైలైటిస్ తర్వాత ఇంట్లో కసరత్తు: మా ఆయనకు నేను చేయించినట్టు

ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ (వెన్నుపాముకు వాపు వచ్చే జబ్బు) వచ్చి మా ఆయనకు నడుము కింద పట్టు పోయింది. ఇంటికొచ్చాక ఫిజియో నేర్పినవే రోజూ చేయించాను.

ముందు పాదం పని. మోకాలు చాపి ఉంచి, మడమను అరచేతిలో పట్టుకుని, ముంజేత్తో పాదాన్ని ఆయన వైపు మెల్లగా నెట్టాలి. 30 లెక్కపెట్టి వదలాలి. కాలికి మూడుసార్లు. కుదపకూడదు. కాలు బిగుసుకుని వణికితే ఆపి, సడలేదాకా అలాగే పట్టుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ మానేస్తే పిక్క కండరం కురచబడుతుంది. తర్వాత బలం వచ్చినా మడమ నేలకు ఆనదు.

ఒకేచోట ఒత్తిడి పడి పుండ్లు పడకుండా, మంచం మీద ఆయన్ని 2 గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. పిరుదులు, మడమలు టార్చి వేసి చూడాలి. ఎర్రమచ్చ నొక్కినా తెల్లబడకపోతే అక్కడ ఇక బరువు పడనివ్వకుండా డాక్టరుకు చెప్పాలి.

స్పర్శ లేదన్న సంగతి మరిచి ఓసారి వేడినీళ్ల కాపడం పెట్టాను. బొబ్బ లేచింది. తప్పు నాదే. ఇప్పుడు స్నానం నీళ్లు కూడా నా మోచేత్తో చూశాకే పోస్తాను.

వేసవిలో కసరత్తంతా పొద్దున 6 గంటలకే. ఒళ్లు వేడెక్కితే ఆయన కాళ్లు మరీ మొద్దుబారతాయి. ఫ్యాను కింద కాసేపు ఉంటే సర్దుకుంటాయి. మొదటిసారి మాత్రం జబ్బు తిరగబెట్టిందని ఎంత టెన్షన్ పడ్డానో!