సెమాడ్యూల్ ఫెయిలైతే చివరి లైను వదిలేసి పై లైను చదవండి

పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల రైస్ మిల్లులకీ, రొయ్యలు కొనే ఆఫీసులకీ లినక్స్ సర్వర్లు చూసిపెడుతుంటాను. లినక్స్‌లో ఏ ప్రోగ్రాం దేన్ని తాకొచ్చో కాపలా కాసేది ఎస్ఈలినక్స్. దాని రూల్స్‌కి మనం కలిపే మూట పాలసీ మాడ్యూల్, దాన్ని ఎక్కించే కమాండ్ సెమాడ్యూల్. ఆ మాడ్యూల్ ఎక్కకపోతే చాలామంది ఎస్ఈలినక్స్‌నే ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ సర్వర్లో రైతుల బ్యాంకు ఖాతా నంబర్లుంటాయి, ఎవరికెంత బాకీ అన్న లెక్కలుంటాయి.

రొయ్యల పట్టుబడి వ్యాన్లు కాటా దగ్గర నిలిచిపోయి ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఎవరికైనా టెన్షనే. అలాంటప్పుడు అడ్డుపడిన ఒక్క డొమైన్‌నే, అంటే ఆ ప్రోగ్రాంకి ఎస్ఈలినక్స్ గీసిన గిరినే, వదులు చేయండి. వెబ్ సర్వరైతే 'సెమేనేజ్ పర్మిసివ్ -ఎ హెచ్‌టీటీపీడీ_టి' చాలు. పని నడుస్తుంది, మిగతా కాపలా అలాగే ఉంటుంది, ఆ డొమైన్ దాటిన గీతలు ఆడిట్ లాగ్‌లో (నిరాకరణలు నమోదయ్యే ఫైలు) పడుతుంటాయి. మాడ్యూల్ ఫెయిలైనా పాత పాలసీ చెడిపోదు కాబట్టి కంగారు పడక్కర్లేదు.

ఇక ఎర్రర్. చివర్లో కనిపించే 'సెమాడ్యూల్: ఫెయిల్డ్!' అన్న లైనుతో ఏమీ తెలీదు. దాని పైన 'ఫెయిల్డ్ టు రిజాల్వ్ టైప్‌ఆట్రిబ్యూట్‌సెట్ స్టేట్‌మెంట్' అని, పక్కన ఒక ఫైలు దారి, చివర సీఐఎల్ అన్న పేరు తర్వాత ఒక అంకె ఉంటే, మీ మాడ్యూల్ అడుగుతున్న టైప్ (ఫైళ్లకీ ప్రోగ్రాంలకీ ఎస్ఈలినక్స్ అంటించే లేబుల్) ఈ మెషీన్లో లేదన్నమాట. కంటైనర్లు నడిచే మెషీన్లో తయారుచేసిన మాడ్యూల్‌ని అవి లేని మెషీన్‌కి తెస్తే ఇదే రావచ్చు. ఆ అంకె లైను నంబరు. యూఎస్ఆర్ కింద లిబ్‌ఎగ్జెక్, ఎస్ఈలినక్స్, హెచ్ఎల్ఎల్ ఫోల్డర్లు దిగితే పీపీ అనే ప్రోగ్రాం ఉంటుంది. మీ పీపీ ఫైలుని (కట్టి సిద్ధం చేసిన మాడ్యూల్) దానికిస్తే చదవగలిగే సీఐఎల్ రూపంలోకి మారుస్తుంది. ఆ లైన్లో ఉన్న టైప్ పేరుని 'సీఇన్ఫో -టి'తో వెతకండి. లేకపోతే, ఆ టైప్‌ని తెచ్చే ప్యాకేజీ ముందు వేసి, తర్వాత మాడ్యూల్ ఎక్కించండి. అసలు అవసరమే లేని టైపైతే టీఈ ఫైల్లో (మాడ్యూల్ రూల్స్ రాసుకున్న సోర్సు) రిక్వైర్ భాగం నుంచీ, దాన్ని వాడిన రూల్స్ నుంచీ తీసేసి మళ్లీ కట్టండి.

వెర్షన్ నా పరిధిలో లేదని ఎర్రరొస్తే, కొత్త మెషీన్లో కట్టినదాన్ని పాతదాన్లో వేస్తున్నారు. ఊరూరా మోసుకెళ్లాల్సింది టీఈ ఫైలు, పీపీ కాదు. ఎక్కడికక్కడ కట్టుకోవడమే మేలు.

అన్నిటికంటే విసిగించేది ఇంకోటుంది: మాడ్యూల్ ఏ ఎర్రరూ లేకుండా ఎక్కుతుంది, నిన్న బాగున్న పని ఇవాళ ఆగిపోతుంది. లాగ్‌లోని నిరాకరణల నుంచి రూల్స్ రాసిపెట్టే ఆడిట్‌టుఅలౌతో ప్రతిసారీ ఒకే పేరుతో మాడ్యూల్ కడితే కొత్తది పాతదాని మీద కూర్చుంటుంది, పాత అనుమతులు పోతాయి. 'సెమాడ్యూల్ -ఎల్‌ఫుల్' కొట్టి చూడండి. మనం వేసినవి మామూలుగా 400 ప్రాధాన్యంతోనూ, డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చినవి 100తోనూ కనిపిస్తాయి. కాటాకి ఒక పేరు, బిల్లింగ్‌కి ఒక పేరు పెట్టుకోండి.

అసలు మాడ్యూల్ కావాలా అన్నదీ చూడాలి. ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్ తన వెనకున్న కాటా అప్లికేషన్‌కి కనెక్ట్ కాలేక 502 ఎర్రర్ చూపిస్తే, ఆడిట్ లాగ్‌ని నిరాకరణకి కారణం చెప్పే ఆడిట్‌టువైకి ఇవ్వండి. 'హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్' అనే బూలియన్ (పాలసీలో ముందే ఉన్న ఆన్-ఆఫ్ స్విచ్) ఆన్ చేయమంటే 'సెట్ఎస్ఈబూల్' కమాండ్‌కి పెద్దక్షరం -పి తగిలించి ఆన్ చేస్తే సరిపోతుంది.

అంతా కుదిరాక 'సెమేనేజ్ పర్మిసివ్ -డి హెచ్‌టీటీపీడీ_టి'తో వదులు తీసేసి, ఒక కాటా చీటీ ప్రింట్ చేయించి, 'ఏయూసెర్చ్ -ఎం ఏవీసీ -టీఎస్ రీసెంట్'లో కొత్త నిరాకరణ ఏదీ పడలేదని చూసుకున్నాకే అక్కణ్ణుంచి లేవండి.