బజారు దుకాణదారులంతా కలిసి అభివృద్ధి మండలిని ఏర్పాటు చేసుకోవడం ఎలా?

విజయవాడ బీసెంట్ రోడ్డు కానివ్వండి, గుంటూరు పట్నం బజారు కానివ్వండి, నలుగురు పెద్ద వ్యాపారులు కూర్చుని బజారును బాగుచేద్దామనుకోవడం, ఫ్లెక్సీ కట్టడం, రశీదు పుస్తకాలు అచ్చువేయించడం, కొన్ని నెలలకే చందాలు ఆగిపోవడం మామూలైపోయింది. డబ్బు కొరత కన్నా పనుల వరుస తప్పడమే దీనికి ప్రధాన కారణం.

1970లో కెనడాలోని టొరంటో నగరం, బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే వ్యాపార వీధిలో మొదలైన, దుకాణదారులంతా రుసుము వేసుకుని తమ బజారును తామే బాగుచేసుకునే ఈ మండలి పద్ధతి ఆ తరువాత అనేక దేశాలకు పాకింది. ఇంగ్లండులో వ్యాపారులు ఓటు వేసి ఆమోదిస్తే, వద్దన్నవారు కూడా గరిష్ఠంగా ఐదేళ్లపాటు రుసుము కట్టి తీరాలి; దానిని వసూలు చేసేది స్థానిక ప్రభుత్వమే. మన దగ్గర సంఘానికి అటువంటి బలం లేదు. చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతున్నది కనుక, మీ మండలి వసూలు చేసేది ఒప్పందం ప్రకారం ఇచ్చే చందాయే తప్ప పన్ను కాదు. పన్ను వసూలుకు వచ్చినట్లు దుకాణాల మీదికి వెళ్లే కమిటీలు అక్కడే దెబ్బతింటాయి.

తొలి పనులు సులువైనవి. హద్దులు గీయండి, ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు మధ్యనున్న బీసెంట్ రోడ్డు వంటి ఒకే వీధి చాలు, గవర్నర్‌పేట అంతటినీ కలుపుకోవద్దు. డోర్ నంబర్ల వారీగా దుకాణాల జాబితా రాయండి. ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో, బైలాస్ (సంఘం నియమావళి) జతచేసి సంఘాన్ని రిజిస్టరు చేయించి, పాన్ కార్డు తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవండి. ఏటా వచ్చే మొత్తం 20 లక్షల రూపాయలకు చేరేలా ఉంటే జీఎస్టీ సంగతి ఆడిటరుతో ముందే మాట్లాడండి.

అసలు చిక్కు చందా నిర్ణయించి, అందరి అంగీకారం తీసుకోవడంలో ఉంది. దుకాణానికి ఇంతని సమానంగా వేస్తే ఆరడుగుల గాజుల కొట్టు, మూడంతస్తుల వస్త్రాలయం ఒకే మొత్తం కట్టవలసి వస్తుంది. ఇంటిపన్నును బట్టి వేద్దామంటే పన్ను కాగితం స్థల యజమాని దగ్గర ఉంటుంది, దుకాణంలో ఉండేది అద్దెదారు. అమ్మకాలను బట్టి అన్న మాట ఎత్తితే తలుపు మీ ముఖం మీదే మూస్తారు. అందువల్ల వీధివైపు ముఖాన్ని అడుగుల్లో కొలిచి చందా వేయడమొక్కటే సరైన పద్ధతి. నెలకు అడుగుకు 30 రూపాయలైతే పన్నెండడుగుల దుకాణానికి 360 రూపాయలు. లెక్క ఎవరైనా నోటితో కట్టుకోవచ్చు. పై అంతస్తులకు సగం రేటు, మూలమీది దుకాణానికి పొడవైన ముఖం ఒక్కటే లెక్క.

కొలత ఉదయం షట్టర్లు లేవకముందే ముగించండి. టేపు ఒక కొస ఆ దుకాణం మనిషి చేతనే పట్టించండి. తరువాత అడుగు తగ్గించమనే బేరం ఉండదు. గోడ నుంచి గోడకే కొలవాలి. మురుగు కాలువ మీదికి కట్టుకున్న మెట్లను, ముందుకు దించిన రేకును లెక్కలో చేర్చితే ఆక్రమణను సంఘమే గుర్తించినట్లవుతుంది.

తరువాత సంతకాలు. దసరా, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాల రోజుల్లో బట్టల దుకాణం మెట్టెక్కవద్దు. శూన్యమాసంలో మధ్యాహ్నం పూట వెళ్లండి. గుమాస్తా సంతకం పనికిరాదు, వ్యాపార యజమానిదో భాగస్వామిదో కావాలి. “అందరూ ఇస్తే నేనూ ఇస్తానండి” అని ప్రతివారూ అంటారు. చాలామంది దీనిని అంగీకారంగా రాసుకుని వచ్చేస్తారు, మరికొందరు తిరస్కారమని నొచ్చుకుంటారు. ఆ షరతునే స్టాంపు కాగితం మీద ఒప్పందంగా రాయించాలి: దుకాణాల్లో మూడింట రెండు వంతులు, మొత్తం ముఖం అడుగుల్లో సగానికి పైగా సంతకం చేసిన రోజునుంచే ఇది అమల్లోకి వస్తుంది, అప్పటివరకు ఎవరూ రూపాయి కట్టనక్కరలేదు. రెండు లెక్కలూ ఉండాలి. మొదటిది లేకపోతే పెద్ద దుకాణాలు, రెండవది లేకపోతే చిన్న దుకాణాలు మండలిని తమ చేతుల్లోకి తీసుకుంటాయి. ఆ గీత దాటకముందు ఉత్సాహవంతులు ముందస్తుగా ఇస్తామన్నా పుచ్చుకోవద్దు. ఒకరి దగ్గర పుచ్చుకుంటే రెండవవాడు మీరు ఎలాగూ మొదలుపెట్టారని నిశ్చింతగా కూర్చుంటాడు.

ఆ కాగితంలోనే గడువు మూడేళ్లని, అద్దెదారు మూడు వంతులు, స్థల యజమాని ఒక వంతు భరిస్తారని రాయండి. రోజువారీ గిరాకీ అద్దెదారుది, రేపు పెరిగే అద్దె యజమానిది కనుక ఇద్దరి సంతకాలూ ఉండాలి.

ఇక నగరపాలక సంస్థతో ఒప్పందం. దీపాలు, చెత్త, కాలువలు సంస్థ బాధ్యతలు. వాటికి అదనంగా మీరు చేసేదేమిటో లిఖితపూర్వకంగా ఉంచండి. లేకపోతే రెండవ ఏడు మీ మనుషులు ఊడ్చే వీధికి వారి మనుషులు రారు. తోపుడు బండ్లను లేపేయించడమే ధ్యేయంగా పుట్టిన సంఘాల్లో నాకు నమ్మకం లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే ముగిసి, వెండింగ్ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఏ వీధి వ్యాపారినీ తొలగించరాదు. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉంటారు. అదే కమిటీలో మార్కెట్ సంఘాలకూ చోటుంది కనుక అక్కడ కూర్చుని, బండి ఎక్కడ ఆగాలో గీత గీయించుకోండి.

మొదటి ఏడాది డబ్బు స్వాగత తోరణానికి పెట్టవద్దు. కమిటీ ఫొటోలకు తప్ప ఎందుకూ పనికిరాదు. రాత్రి దుకాణాలు కట్టేసే వేళ వెలుతురు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, కాపలా మనిషి, ఈ మూడే చేయండి. జమాఖర్చులను ప్రతి నెలా వీధి రెండు చివర్లా బోర్డు మీద అంటించండి. గడువు ముగియడానికి ఆరు నెలల ముందు ఖాళీ ఒప్పంద పత్రాలతో మళ్లీ మొదటి దుకాణం నుంచి బయలుదేరాలి, ఈసారి కొలత పని ఉండదు.