పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో కొత్తగా డ్రైవర్‌గా చేరుతున్నారా? బండి తీసే ముందు ఇది చదవండి

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు కుర్రాళ్లు చాలామంది సాలూరులోనో వైజాగ్‌లోనో ఒక ఓనరు దగ్గర క్లీనరుగా మొదలుపెట్టి, హెవీ లైసెన్సు చేతికొచ్చాక పెద్ద కంపెనీకి వెళ్తున్నారు. ఓనరు దగ్గర అంతా నోటిమాట. కంపెనీలో అంతా కాగితం, జీపీఎస్. వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది కాబట్టి మీ లెక్క కూడా మీ దగ్గర ఉండాలి తమ్ముడూ.

నేను చేరిన మొదటి వారంలో బండి అప్పగించే షీటు చదవకుండా సంతకం పెట్టేశాను. స్టెప్నీ కొత్తదని అందులో రాసుంది, కింద ఉన్నదేమో అరిగిపోయిన టైరు. నాలుగు నెలల తర్వాత ఆ టైరు డబ్బులు నా జీతంలో కోశారు, అడిగితే నా సంతకమే చూపించారు. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయిన బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే తాళం తీసుకునే ముందు బండి చుట్టూ తిరిగి ఫోన్‌లో వీడియో తీయండి, టైర్ల నంబర్లు, స్టెప్నీ, జాకీ, టార్పాలిన్ పట్టాలు, తాళ్లు, కిలోమీటర్ రీడింగు, డీజిల్ ముల్లు అన్నీ కనపడాలి, ఆ రోజే సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో పంపేయండి.

డబ్బు సంగతి మొహమాటపడకుండా అడగండి. బత్తా రోజుకా, కిలోమీటరుకా? అన్‌లోడింగ్ దగ్గర రెండ్రోజులు ఆగిపోతే హాల్టింగ్ ఇస్తారా? పీఎఫ్ కోస్తున్నామంటే యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాల గుర్తింపు) నంబరు తీసుకుని పాస్‌బుక్ మీరే చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం మైలేజీ, అంటే లీటరు డీజిల్‌కి ఇన్ని కిలోమీటర్లు రావాలని కంపెనీ పెట్టే లెక్క: లోడుకి ఎంత, ఖాళీకి ఎంత, ఘాట్ రూటుకి వేరే లెక్క ఉందా లేదా?

ఈ మైలేజీ టెన్షన్‌తోనే కొత్తవాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. కొరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు దిగే 26వ నంబరు హైవే ఘాట్‌లో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేస్తారు. మిగలదు. ఇప్పటి బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్‌కి డీజిల్ ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్‌కి కాలుతుంది. పైగా బండిని పట్టుకునే ఇంజన్ లేదు, బరువంతా బ్రేకు మీదే పడి లైనర్లు వేడెక్కి, కాలు నొక్కినా బండి ఆగదు. ఇంజన్ ఆఫ్ చేస్తే ఇంకా ఘోరం, పవర్ స్టీరింగ్ పోతుంది, గాలి నింపే కంప్రెసర్ ఆగిపోతుంది. ఘాట్ మొదలవకముందే బండి ఆపి ఎయిర్ ప్రెషర్ చూడండి, ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దాదాపు అదే గేరులో దిగండి, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజన్‌తోనే బండిని నెమ్మది చేసేది) వాడండి. వెనక హారన్ కొట్టేవాడి కోసం మీ స్పీడు మార్చొద్దు.

కాటా స్లిప్పు (లోడు తూచిన చీటీ) చూడకుండా లోడు కదపకండి. 10 చక్రాల బండి లోడుతో కలిపి మొత్తం బరువు 28.5 టన్నులు దాటకూడదు, దాటితే జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకి మరో 2,000. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ కాగితం) మామూలు లోడుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున చెల్లుతుంది. బండి చెడి లేటయితే గడువు తీరేలోపే ఆఫీసుకి ఫోన్ చేయండి. లోడు వేరే బండికి మార్చితే ఆ నంబరు బిల్లులో ఎక్కించాకే కదలండి.

నిద్ర విషయంలో ఎవరి మాటా వినొద్దు. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, రోజుకి 8 గంటల పని, 5 గంటలకి మించి ఆపకుండా పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది, 2025లో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది, రోజుకి 8 గంటల లెక్క అందులోనూ ఉంది. తెల్లవారుజామున కళ్లు మూసుకుపోతుంటే టీ తాగి లాగించేద్దాం అనుకోకండి, లారీలు ఆగే చోట పక్కకి పెట్టి పడుకోండి, ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో ఆఫీసుకి ఒక మెసేజ్ పెట్టండి.

ఇంకొకటి, ఇది మనవాళ్లకే వచ్చే ఇబ్బంది. కోల్‌కతా రూటులో 16వ నంబరు హైవే మీద రణస్థలం, నరసన్నపేట, టెక్కలి దాటుతుంటే ఇల్లు అక్కడే ఉంటుంది, మనసు లాగుతుంది. చెప్పకుండా బండి తిప్పితే జీపీఎస్‌లో పడుతుంది, ఆ గంటలో సరుకు పోతే మీ మీదికే వస్తుంది. లోడు ఎక్కేటప్పుడే ఫలానా చోట మూడు గంటలు హాల్ట్ కావాలని రాసి అడగండి, బండి దగ్గర ఎవరుంటారో కూడా చెప్పండి. సరే అని మెసేజ్ వచ్చాకే ఇంటికి ఫోన్ చేసి అన్నం వండమనండి.